తమ్ముడి జీపుకు పళ్ళు మార్పించిన సంగతి

పెళ్ళి కుదిరిన ఏడు మా తమ్ముడు రెండు చెడు అలవాట్లు మానుకున్నాడు. సిగరెట్లు చెత్తబుట్టలో వేశాడు. జీపు నాకిచ్చాడు.

"అక్కా, రోజూ ఆటోలల్ల తిప్పలు పడ్తున్నవ్ గదా. ఇగ రాణిలెక్క పో," అన్నాడు తాళంచెవి చేతిలో పెడుతూ. వాడి ఔదార్యాన్ని చిన్నప్పటినుంచి ఎరుగుదును కాబట్టి అప్పుడే అనుమానపడి ఉండాల్సింది.

అది వికారాబాద్ వైపు గుట్టల్లో బురద పోటీలకు తయారుచేసుకున్న జీపు. పాత ఇంజన్ పీకేసి అంతకు రెండింతల పెట్రోల్ ఇంజన్ ఎక్కించాడు. ఇరుసుల్లో గుట్టలెక్కే పళ్ళు పెట్టించాడు. బురదలో అది ఏనుగులాగా పోయేదట. కాచిగూడ నుంచి ఆబిడ్స్ దాకా బురద ఎక్కడుంది? వానాకాలం నాలుగు రోజులు తీసేస్తే అంతా తారురోడ్డే. ఆ రోడ్డు మీద గంటకు యాభై దాటకముందే ఇంజన్ గొంతు చించుకునేది. పై గేరు వేద్దామంటే ఇంకో గేరు మిగిలుండేది కాదు. లీటరుకు ఐదు కిలోమీటర్లు. కాలేజీకి వెళ్ళి ఇంటికి వచ్చేసరికి లీటరు పైనే తాగేది. పెట్రోల్ బంకులో పనిచేసే ఆయన నన్ను దూరం నుంచి చూసి నవ్వేవాడు. మా కాలేజీ గుమాస్తా కూడా నాకు అంత మర్యాద ఎప్పుడూ ఇవ్వలేదు.

నేను ఆబిడ్స్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కాలేజీ అంటే ఒక కాంప్లెక్సులో రెండంతస్తులు. కింద చీరల దుకాణం, మధ్యలో కళ్ళజోళ్ళ దుకాణం, పైన న్యూటన్. పాఠం చెప్పే మనిషిని కాబట్టి జబ్బు ఎక్కడుందో ఒక కాగితం మీదే తేల్చేశాను. ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ చివర ఒక చిన్న పళ్ళచక్రం ఉంటుంది, పినియన్. అది ఇరుసులో ఉన్న పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, దాన్ని క్రౌన్ అంటారు. మా జీపులో పినియన్‌కు ఎనిమిది పళ్ళు, క్రౌన్‌కు నలభై మూడు. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్ట్ ఐదుసార్లు దాటి తిరగాలి. దాన్ని నాలుగు చిల్లరకు తగ్గిస్తే అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరుగుతుంది, తక్కువ తాగుతుంది. సెకండియర్ పిల్లలకు బోర్డు మీద లెక్క చేసి చూపించాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. సిలబస్‌లో లేనిది చెప్తే వాళ్ళెప్పుడూ కొడతారు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక షెడ్డుంది. అక్కడి ఉస్తాద్‌కు గోరింటాకు పెట్టిన గడ్డం, ఎవరి మాటా పూర్తిగా వినని చెవులు. నా కాగితం అందుకొని, చూడకుండానే దాంతో చేతుల నూనె తుడుచుకున్నాడు.

"సమజైంది మేడమ్. పళ్ళు మార్చాలె. మల్ల ముందు ఇరుసు, వెనక ఇరుసు రెండూ ఒక్కసారే మార్చాలె. లేకుంటే ముందు చక్రాలది ఒక మాట, వెనక చక్రాలది ఒక మాట. మియా బీవీ లెక్క కొట్లాడ్తయ్."

"మైలేజీ పెరుగుతదా ఉస్తాద్?"

"ఎందుకు పెరగదు? జర నడిపే తరీకా మీద గూడ ఉంటది. ఫికర్ జెయ్యకుండ్రి."

నడిపే తీరు గురించి అన్న ఆ మధ్య మాట నేను వినలేదు. ఎవరి మాటా పూర్తిగా వినకపోవడంలో ఉస్తాద్‌కు నేనేం తీసిపోను. తమ్ముడికి చెప్పలేదు. చెప్తే ఒప్పుకోడు.

వారం తర్వాత జీపు తెచ్చుకున్నాను. పాత పళ్ళు ఉస్తాద్ గోనెసంచిలో కట్టి వెనక పెట్టాడు. బషీర్‌బాగ్ ఫ్లైఓవర్ ఎక్కానో లేదో, నా ప్రాణం ఎంత హాయిపడిందో చెప్పలేను. అరవైలో పోతున్నా ఇంజన్ గొణుగుతోందే తప్ప అరవడం లేదు. రేడియో వినిపించింది. ఆ జీపులో రేడియో పనిచేస్తుందని నాకు తెలిసింది ఆ రోజే.

సోమవారం సాయంత్రం అసలు సంగతి బయటపడింది. మా కాంప్లెక్సులో బండ్లు సెల్లార్లో పెడతాం. బయటికొచ్చే ర్యాంపు నిచ్చెనలాగా నిలువుగా ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ ర్యాంపును జీపు మేకలా ఎక్కేది, నేను యాక్సిలేటర్ ముట్టుకోవాల్సిన పని కూడా ఉండేది కాదు. అలవాటు కొద్దీ ఆ రోజూ అట్లాగే క్లచ్ వదిలాను. సగం దాకా ఎక్కి, ఒకసారి దగ్గి, ఆగిపోయింది. ఆగి ఊరుకోలేదు, వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక మా ప్రిన్సిపాల్ కారు ఉంది. అది కొన్నాక ఆయన ఇంకా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు.

"మేడమ్! బ్రేక్! బ్రేక్ మేడమ్!" అని ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి కేకలు.

బ్రేక్ తొక్కాను. జానెడు దూరంలో ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేసి క్లచ్ సగం వదిలి, యాక్సిలేటర్ గట్టిగా తొక్కేసరికి సెల్లారంతా కాలిన వాసన. రెండోసారీ ఆగింది. ట్యూషన్ నుంచి దిగుతున్న సెకండియర్ ఆడపిల్లలు ఏడెనిమిదిమంది పుస్తకాల సంచులు గోడకు ఆనించి వచ్చి వెనక చేతులు వేశారు. వాళ్ళ పక్కన టై భుజం మీదికి వేసుకొని ప్రిన్సిపాల్ కూడా తోశాడు. తోయకపోతే దెబ్బ తగిలేది ఆయన కారుకే మరి. రోడ్డు మీదికి చేరాక ఒక పిల్ల అడిగింది, "మేడమ్, లెక్కల ఈ ర్యాంపు లేదా?"

లేదు. ఆ లెక్కలో ర్యాంపూ లేదు, మొజంజాహి మార్కెట్ సిగ్నలూ లేదు, సుల్తాన్ బజార్‌లో రోడ్డుకు అడ్డంగా నిలబడి చీర బేరమాడే జనమూ లేరు. పళ్ళు మారిస్తే లాభం బండి పరుగెత్తేచోట. ఆబిడ్స్‌లో బండి పరుగెత్తదు, దేకుతుంది. దేకడానికి నేను సగం క్లచ్ మీద నిలబడి మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. రెండు ట్యాంకులు నింపి చూశాను. మైలేజీ వీసమెత్తు పెరగలేదు. నిజం చెప్పాలంటే కొంచెం తగ్గింది. తరగతిలో ఆ విషయం ఎత్తకుండా గబగబా ఉష్ణగతికం మొదలుపెట్టాను.

ఆ నెలలోనే మెదక్‌లో మా అమ్మ అక్క మనవరాలి పెళ్ళి. అమ్మ అక్కడి మిషన్ దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరై, ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఆమె వార్డులోకి అడుగుపెడితే రోగులు మూలగడం ఆపి సర్దుకొని పడుకునేవాళ్ళని చెప్పుకునేవారు. పెళ్ళికి ఆమెను జీపులో తీసుకెళ్ళాను. నర్సాపూర్ అడవి దాటుతుంటే కాళ్ళ కింద ఒక సన్నటి ఏడుపు వినబడింది. నాకు ముందునుంచీ వినబడుతూనే ఉంది కానీ, కొత్త పళ్ళు కొన్నాళ్ళు మాట్లాడతాయని, తర్వాత దోస్తులైపోతాయని ఉస్తాద్ చెప్పాడు. నేనదే అమ్మకు చెప్పాను.

"నోరు మూసుకొని నడుపు," అంది అమ్మ. కళ్ళు మూసుకొని కాసేపు విన్నది. "ఇప్పుడు తొక్కు... ఇప్పుడు వదులు... మల్ల తొక్కు." యాక్సిలేటర్ మీద పదిసార్లు చేయించింది. మా వెనక వస్తున్న బస్సు డ్రైవరు నన్ను తిట్టని తిట్టు లేదు.

"తొక్కితే ఊకుంటున్నది, వదిలితే ఏడుస్తున్నది. అపెండిక్సు రోగికి కడుపు మీద నొక్కినప్పటికంటె చెయ్యి తీస్తేనే ఎక్కువ నొప్పి. ఇది లోపటి జబ్బే. తగ్గదు, ముదురుతది. ఎవడే నీ డాక్టరు?"

పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడే నాంపల్లికి బయల్దేరదీసింది. షెడ్డులో స్టూలు మీద కూర్చొని, ఉస్తాద్‌ను జీపెక్కమంది. ఆయన చాయ్ తెప్పిస్తానన్నాడు. "చాయ్ తర్వాత," అంది. ముగ్గురం నెక్లెస్ రోడ్డు దాకా పోయాం. ముందు సీట్లో అమ్మ, వెనక బల్ల మీద ఉస్తాద్, ఇద్దరి ఆజ్ఞల మధ్య నేను. తొక్కు, వదులు, తొక్కు, వదులు. నాలుగోసారికి ఉస్తాద్ గడ్డం నిమురుకోవడం ఆపాడు.

షెడ్డుకు తిరిగొచ్చి వెనక ఇరుసు విప్పి, పళ్ళకు తెల్లరంగు పూసి చేత్తో తిప్పి చూశాడు. పినియన్ పళ్ళు, క్రౌన్ పళ్ళు సరిగ్గా కలిస్తే రంగు పన్ను నడిమధ్యలో చెరగాలి. ఇక్కడ అంచున చెరిగింది. పినియన్ వెనక పెట్టిన పల్చటి రేకు మందం తప్పింది. ఇంకో రెండు నెలలు నడిపుంటే రోడ్డు మధ్యలో పళ్ళు రాలిపోయేవి.

ఉస్తాద్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు, "అమ్మా, మీరు ఏ గ్యారేజీల పని చేసిన్రు?"

"జనరల్ వార్డుల."

"తప్పు నాదే అమ్మా. జల్దీల చేసిన."

"జల్దీల అందరం చేస్తం. విప్పి చూసుకున్నవ్, అది చాలు," అంది అమ్మ. మా అమ్మ నోట అంత మెత్తటి మాట మా ఇంట్లో ఎవరికీ దక్కలేదు. నాకు జర కుళ్ళుగానే అనిపించింది. ఆయన రెండు ఇరుసులూ మళ్ళీ దగ్గరుండి బిగించాడు. అమ్మ వెళ్ళి పక్కన నిలబడి చూసింది, ఆపరేషన్ థియేటర్‌లో నిలబడ్డట్టు.

ఇంతలో ఈ సంగతి తమ్ముడి చెవిన పడింది. అప్పటికి వాడికి పెళ్ళయిపోయింది, ఆదివారం చర్చి అయిపోగానే భార్యతో వచ్చాడు. జీపు తీసుకొని కాచిగూడ చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చి, గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"ఏం చేసినవ్ అక్కా! గుర్రాన్ని తెచ్చి గాడిదను చేసినవ్. పికప్ లేదు, ఏం లేదు. పాత పళ్ళేవి? రేపే మల్ల పెట్టిస్త."

"ఇచ్చినంక అడుగుడేందిరా? మల్ల బురదల పడ్తవా?"

"పడ్తనో లేదో, ఉంటె ఉండాలె గదా!"

వాడి భార్య వంటింట్లోంచి, "ఏంది ఉండాల్సింది?" అని అడిగింది. వాడు చెప్పులు విప్పాడు.

అమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది. మెదక్ దాకా దవడలు అదరకుండా, గొంతు చించుకోకుండా మాట్లాడుకుంటూ పోగలిగిన బండి ఆమెకు ఇన్నేళ్ళకు దొరికింది, దాని జోలికి ఎవరూ పోవద్దు. ఏడుపు ఆగింది. హైవే మీద లీటరుకు ఏడు దాటుతోంది. ఇప్పుడు నెలకోసారి పోతున్నాం. ఒక్కొక్కసారి కారణం కూడా ఉండదు. దారిలో ఎవరి అల్లుడు ఎంత పనికిమాలినవాడో అమ్మ చెప్తుంటుంది, నేను నడుపుతుంటాను.

కాలేజీకి బస్సులో పోతున్నాను. కోఠి దగ్గర దిగి ఆబిడ్స్ దాకా నడుస్తాను. పెట్రోల్ ఎంత మిగిలిందో పిల్లలు ఇంకా అడుగుతూనే ఉంటారు. బోర్డు తుడిచేసి అటెండెన్స్ తీసుకుంటాను.