బొగ్గు కింది ముఖం

రోజూ సాయంత్రం గోదావరిఖని చౌరస్తాలో జనాన్ని ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో దిద్ది ఇంటర్నెట్‌లో పెడుతుంటాను. డిగ్రీ తర్వాత సెలవు లేకుండా చేస్తున్న పని అదొక్కటే. జీతం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పోయిన వేసవిలో కమాన్‌పూర్ నుంచి ఒకామె నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. ఫోన్‌లో నేను తీసిన ఫొటో చూపించింది. అందులో మిర్చి బండి వెనుక ఓ గని కార్మికుడు నిలబడి ఉన్నాడు. ముఖమంతా బొగ్గు పొడి.

“ఇల్లు ఇడిసిపోయిన మా తమ్ముడు అచ్చం గిట్లనే నిలబడుతడు. మిర్చి బండాయన్ని అడిగితే యాదికి లేదన్నడు. జర గా బొగ్గు తుడువు తమ్మీ, మొఖం సూస్త.”

“ఫొటో కదక్కా, తడిబట్టతోని పోదు,” అన్నాను. ఆమె నవ్వలేదు.

కంప్యూటర్‌లో వెలుతురు పెంచాను. నీడ పోయింది, బొగ్గు పోలేదు. ముఖాన్ని శుభ్రం చేసే మీట ఒకటుంటే నొక్కాను. నున్నటి చెంపలతో, పెళ్లిచూపులకు పంపదగ్గ ముఖం వచ్చింది. అది సాఫ్ట్‌వేర్ ఊహించి గీసిందని చెప్పేలోపే ఆమె చూపు తెర మీది నుంచి తప్పుకుంది.

“గీయన మావోడు కాదు,” అంది. “మల్ల బొగ్గు పెట్టు తమ్మీ.”

పెట్టాను. ఆమె తెర దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది.

“గిప్పుడు మావోని లెక్కనే ఉన్నడు. గిట్లనే ఇయ్యి.”

ప్రింటు తీసిచ్చాను. కొంగులో చుట్టుకుని వెళ్లింది. ఫొటోలో ఎంత స్పష్టత పెంచితే చూసేవాళ్లకు అంత మేలని నాకో నమ్మకం ఉండేది. ఆ రోజు నుంచి దాన్ని కాస్త తగ్గించుకున్నాను.