బండి మీద చెప్పిన మాటలు

శృంగవరపుకోట బజారులో మాది కిరాణా కొట్టు. నెలసరి ప్యాకెట్లు ఎవరడిగినా పాత పేపరులో చుట్టి, నల్ల కవరులో పెట్టి, మొహం చూడకుండా చేతికిస్తాను. ఈ బజారులో అందరం అలాగే ఇస్తాం.

మా ఆవిడ పోయి అప్పటికింకా ఏడాది కాలేదు. వేసవి సెలవులు కావడంతో మా అమ్మాయి నాతోపాటు కొట్లో కూర్చునేది. ఒకరోజు నేను ప్యాకెట్ చుడుతుంటే చూసి అడిగింది.

"నాన్నా, సబ్బులకి సుట్టవు, బిస్కెట్లకి సుట్టవు. దీనికెందుకు సుడతన్నావు?"

ఆ సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఏ తండ్రికైనా దొరుకుతుందా? తడి తగలకుండా అని చెప్పి తప్పించుకున్నాను. మండువేసవిలో తడేమిటో! నా మీద నాకే ఒళ్లు మండింది. పిల్ల మాత్రం ఊఁ అని ఊరుకుంది.

తల్లి ఉంటే నాకీ బాధ లేకపోను. మాలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే గదిలో ఓ మూల తాటాకుల మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు. స్నానం చేయించేదాకా తండ్రి ఆ పిల్ల మొహం చూడకూడదు. సరిగ్గా అది బెదిరిపోయే వేళకి నేను గుమ్మం అవతల ఉండాలి. పక్కన కూర్చుని ధైర్యం చెప్పడానికి తల్లి లేదు. చెప్పేదేదో ముందే చెప్పాలి.

అన్నం దగ్గర మొదలెడదామని కూర్చుని, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి లేచిపోయేవాణ్ణి. టీవీలో ఆ ప్రకటన వస్తే రిమోట్ కోసం తడుముకునేవాణ్ణి. చివరికి బడి తెరిచాక, బండి మీద దింపడానికి వెళ్తున్నప్పుడు తోచింది. బండి మీద నా మొహం దానికి కనపడదు, దాని మొహం నాకు కనపడదు.

ఊరు దాటాక మొదలుపెట్టాను. నెలనెలా రక్తం కనపడుతుందనీ, అది జబ్బు కాదనీ చెప్పాను. ఎదురుగా వచ్చిన బస్సు హారన్‌లో సగం మాటలు కొట్టుకుపోతే మళ్లీ మొదటికొచ్చాను. తర్వాత రోజుల్లో, మగపిల్లల ఒళ్లు ఎలా మారుతుందో, బిడ్డ కడుపులోకి ఎలా వస్తుందో చెప్పాను. ఎవడైనా చెయ్యి వేస్తే, వాడు మన చుట్టమే అయినా సరే, అరిచి నా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. అన్నిటికీ వెనకనుంచి ఊఁ అనేది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సిగ్గు కాబోలనుకున్నాను.

వానాకాలంలో ఆ రోజు వచ్చింది. మా అత్తగారు నెల్లిమర్ల నుంచి వచ్చి, నన్ను వీధి గదిలోకి పంపి, గుమ్మానికి తెర కట్టేసింది. ఆవిడ వంటింట్లో చిమ్మిలికి నువ్వులు దంచుతుంటే నేను ఆ తెర దగ్గరికి వెళ్లాను.

"భయమేసిందా అమ్మా?" అన్నాను.

"లేదు నాన్నా. నాకు ముందే తెలుసు. ఆస్పత్రిలో అమ్మ అంతా సెప్పీసినాది."

ఎప్పుడని అడిగాను. నేను మందులకి కిందికి వెళ్లినప్పుడట. మరి ఇన్నాళ్లూ బండి మీద నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అమ్మే వద్దన్నాది. నానింక ఇంటికి రానే, అందుకే ఇప్పుడే సెప్తన్నాను అన్నాది. మీ నాన్న కూడా ఎప్పుడో సెప్తాడు, తెలీనట్టు ఊఁ కొట్టు, లేకపోతే పాపం సిన్నబోతాడు అన్నాది."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. తెర ఇవతల నా ఏడుపు దానికి వినపడకూడదని కండువా నోట్లో కుక్కుకున్నాను. అప్పట్లో ఆస్పత్రిలో, ఇక లాభం లేదని డాక్టరు నాతో ఒక్కడితోనే చెప్పాడు. ఆ మాట మా ఆవిడ చెవిన పడకూడదని రోజూ మంచం పక్కన కూర్చుని, మామిడిపళ్ల నాటికి ఇంటికి వెళ్లిపోదాం అనేవాణ్ణి.

ఆమె కూడా ఊఁ అనేది.