నమ్మే మనిషిని తయారుచేసిన తోడికోడలు

పెద్దకోడలు కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో మైనం పోసి, గీకి, అరగదీసి, పుట్టుకతో వచ్చినట్టుండే పళ్ళు చెయ్యడంలో తను పనిచేసే ల్యాబులో ఎవరైనా ఆమె తర్వాతే. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పక్కబల్ల వాళ్ళకీ తెలిసేలా చేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆమెకి వేరే లోకం. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో నలుగురు చేరి ఒక ఆట ఆడతారు. ఒక్కొక్కరూ ఒక మనిషిని కాగితం మీద పుట్టించుకుంటారు: వాడి వయసు, పని, భయాలు, మొండితనాలు. షాపాయన కథ నడుపుతాడు. మిగతావాళ్ళు ఆ మనుషుల్లా మాట్లాడతారు. ఎటూ తేలనిచోట పాచికలు వేస్తారు. లిఫ్టు మెకానిక్కూ, లైబ్రరీ ఆవిడా, పెద్దకోడలూ ఆరేళ్ళుగా ఆడుతున్నారు. "మనుషుల్ని పుట్టించాలంటే మీ తర్వాతేనండీ" అని షాపాయన అన్న మాటని ఆమె వారమంతా చప్పరించేది.

అలాంటి గదిలోకి తోడికోడల్ని తీసుకెళ్ళింది కూడా తనే. చిన్నకోడలు నీళ్ళ ఆఫీసులో ఫోన్లెత్తి ఫిర్యాదులు రాసుకునే మనిషి. పై వాటాలో కాపురం. నోట్లో నాలుక లేదని పేరు. "పాపం, ఆదివారం ఇంట్లో ఒక్కతే ఉంటుంది, ఓ మూల కూర్చుంటుందిలే" అనుకుంది పెద్దకోడలు.

నాలుగైదు నెలలు చిన్నకోడలు అలాగే మూల కూర్చుని చూసింది. అప్పుడు కొత్త కథ మొదలైంది. మూతపడ్డ దారం మిల్లులో పగటిపూట, సరిగ్గా షిఫ్టు మారే వేళకి, యంత్రాలు వాటంతటవే కదులుతున్నాయట. అక్కడికి పరిశోధనకి వెళ్ళే బృందం కావాలి. పెద్దకోడలు పన్నెండు పేజీల చరిత్రతో ఒక రసాయన శాస్త్రవేత్తని తెచ్చింది. చిన్నకోడలు అరపేజీ తెచ్చి, సిగ్గుపడుతూ చదివింది.

"అరవై రెండేళ్ళు. నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. దయ్యాలున్నాయని నమ్ముతాడు. భయం లేదు. తలుపు తట్టకుండా ఏ గదిలోకీ వెళ్ళడు."

"ఇంతేనా?" అంది పెద్దకోడలు.

"ఇంతే అక్కా."

మిల్లులోకి వెళ్ళారు. అంటే, బల్ల చుట్టూ కూర్చునే వెళ్ళారు. మెకానిక్ తలుపు తన్ని తెరుస్తానన్నాడు. చిన్నకోడలు చెయ్యెత్తి ఆపి, బల్లని రెండుసార్లు తట్టింది. గొంతు కాస్త వణికిస్తూ, "రావచ్చా అండీ? ఎక్కువసేపు ఉండం. చూసి వెళ్ళిపోతాం" అంది.

షాపాయన చేతులు రుద్దుకుని, "వెంట్రుకలు లేచాయండీ!" అన్నాడు. ఆ రోజు టీ మొదటి కప్పు చిన్నకోడలికి వెళ్ళింది. పెద్దకోడలు నవ్వు పులుముకుంది గానీ, లోపల కుంపటి రాజుకుంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే!

పై ఆదివారం కాచుకుని కూర్చుంది. యంత్రాల మూలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో పాచికలు వేసి వేసి పట్టేసింది. "ఇదిగో పెద్దాయనా, మీ దయ్యం! పగిలిన గాలిపైపు" అంది అందరికీ వినపడేట్టు. ముసలాయన పరువు పోయిందనుకుంది.

చిన్నకోడలు గాల్లోనే ఒక నోటుపుస్తకం తెరిచి గీత కొట్టింది. "మంచిదమ్మా, ఒకటి పోయింది. ఇప్పటికి నలభై ఒకటి చూశాను. ముప్పయ్యెనిమిది ఇలాంటివే. మిగతా మూడే నాకు కావాల్సినవి."

మెకానిక్ చప్పట్లు కొట్టాడు. లైబ్రరీ ఆవిడ, "నమ్మేవాడంటే ఇలా ఉండాలమ్మా, ఊగిపోయేవాడు కాదు" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది పెద్దకోడలికి. ఇంటికెళితే మొగుడు కూడా బాత్రూం తలుపు తట్టి "రావచ్చా అండీ?" అంటున్నాడు. తమ్ముడి పెళ్ళాం మాటలు అన్నగారి నోటిదాకా వచ్చేశాయి! ఆ వారం ల్యాబులో ఒక పెద్దమనిషి కోరపన్ను అవసరానికి మించి అరిగిపోయింది.

మూడో ఆదివారం కథ మిల్లు అడుగునున్న ఎండిన నీళ్ళగుంట దగ్గరికి వచ్చింది. ముసలాయన దిగుతానన్నాడు. తాడు పెద్దకోడలి శాస్త్రవేత్త చేతిలో ఉంది. షాపాయన గొంతు తగ్గించాడు. "పైన మోటారు దానంతటదే తిరగడం మొదలైంది. తాడు లాగుతోంది. ఏం చేస్తారు?"

పాచికలు ఆమె ముందే ఉన్నాయి. వేసి గట్టిగా పట్టుకోవచ్చు.

"వదిలేస్తున్నా" అంది పెద్దకోడలు.

"ఏమిటీ?"

"తాడు వదిలేస్తున్నా."

చిన్నకోడలు మొహం పాలిపోయింది. బల్లకేసి చూస్తూ, ముసలాయన గొంతుతోనే, "కంగారు పడకమ్మాయ్. ఇక్కడ నేను ఒంటరిగా లేను" అంది. అరపేజీ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. లైబ్రరీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ముసలాయన్ని చంపి పీడ వదిలించుకుందామనుకుంటే ఇంకెప్పటికీ మరిచిపోలేని మనిషిని చేసి పెట్టాను కదా అని పెద్దకోడలికి అప్పుడు అర్థమైంది.

ఇంటిదారిలో చిన్నకోడలు ఆగింది. "కావాలనే వదిలారు కదూ?"

"అవును."

"ఎందుకు?"

"నిన్ను చూస్తే ఒళ్ళు మండుతోంది. చాలా?"

"నాలుగు నెలలు పట్టిందక్కా నాకు, ఆ మనిషి దొరకడానికి" అంది చిన్నకోడలు. నోట్లో నాలుక లేని మనిషి గేటు ధడాల్న వేసి మేడెక్కింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆమె రాలేదు. పాత నలుగురూ ఆడుతున్నారు గానీ ఆటకి ఉప్పు లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్దకోడలికి భరించరానిదైంది. రెండు నెలలు చూసి, ఒక రోజు ల్యాబుకి సెలవు పెట్టి నీళ్ళ ఆఫీసుకి వెళ్ళింది.

"ఆ మనిషి నీకు ఎక్కడ దొరికాడు?" అని అడిగింది. క్షమించమనడం ఆమెకి అలవాటు లేదు. అడగడమే ఎక్కువ.

చిన్నకోడలు పక్క కుర్చీ లాగి, ఇంకో చెవి ఫోను ఇచ్చింది. "వినండి. మాట్లాడకండి."

గంటసేపు అన్నీ బురదనీళ్ళూ, పగిలిన గొట్టాలూ. అప్పుడొక ముసలి గొంతు. రోజూ పదకొండింటికి వంటగదిలో కుళాయి దానంతటదే తెరుచుకుంటోందట. వాషరు అరిగిపోయి ఉంటుంది అనబోయి పెద్దకోడలు నాలిక కరుచుకుంది.

"ఆ టైములో మీరెక్కడుంటారండీ?" అంది చిన్నకోడలు.

"ముందుగదిలో. మా ఆవిడ గిన్నెలు కడిగే టైమమ్మా అది. పోయి రెండేళ్ళయింది."

"నీళ్ళు ఎంతసేపు వస్తాయి?"

"ఓ నాలుగు గిన్నెలు కడిగేంత."

చిన్నకోడలు అది అలాగే రాసుకుంది, నాలుగు గిన్నెలు కడిగేంత అని. ఫోను పెట్టేశాక, "నేను నమ్మను అక్కా. ఇలా ఫోన్ చేసేవాళ్ళు నమ్ముతారు. ఎలా నమ్ముతారో నాలుగు నెలలు విన్నాను, అంతే" అంది.

పెద్దకోడలికి ఏదో అందామనిపించింది. పన్నెండు పేజీలు రాయడం వచ్చుగానీ ఇలా పక్కన కూర్చుని వినడం తనకెప్పుడూ చేతకాలేదని. అనలేదు. సాయంత్రందాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. తర్వాత ఇద్దరూ కలిసి బస్సెక్కారు.

చిన్నకోడలు ఆటకి మళ్ళీ వచ్చింది. ఈసారి దేన్నీ నమ్మని ఒక నర్సుని తెచ్చింది. అదీ బాగుంది, పాడు. షాపాయన పొగడ్త మొదలుపెట్టగానే పెద్దకోడలు కుర్చీలో కదిలి, "నాకు మళ్ళీ ఒళ్ళు మండుతోంది, ముందే చెబుతున్నా" అంది.

"అయితే ఈసారి తాడు మెకానిక్ గారికిద్దాం" అంది చిన్నకోడలు.

అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.