జపాన్ మాల్
మా ఆయన టాక్సీ నడిపి సీతాఫల్‌మండిలో మా ఇంటికి రాగానే, ముందు ఆ జపాన్ కంపెనీ కారు బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు. "జపాన్ మాల్ ఇది, గట్టి సరుకు. ఎన్నేండ్లయినా తక్లీఫ్ ఇయ్యది" అని గల్లీలో అందరికీ చెప్పేవాడు. నా గురించి ఒక్క మంచిమాట ఎవరికీ చెప్పలేదు. నాకు ఒళ్లు మండేది.

ఒకసారి జ్వరంతో గడపలో కూర్చుని అరిచాను: "ఏందయ్యా, నా నుదురు సుత జెర చూడరాదూ?"

నూనె చెయ్యి నా నుదుటిన పెట్టి, "నువ్వు జపాన్ దానివి కావు గదనే. పో, పండుకో" అన్నాడు. ఆ పూట ఆయనే కిచిడీ వండాడు.

ఆయన చనిపోయాక కారు అమ్మేశాం. మల్కాజ్‌గిరిలో ఇంకా హుషారుగా తిరుగుతోందట. ఆయన లేడన్న సంగతి దానికి తెలియదు కదా, అందుకే దాని మీద నాకింకా కుళ్లే.