నోటిదాకా రాని చెయ్యి

చింతకాయలు రాలుస్తూ చెట్టు మీంచి పడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్లు కట్టే తాత వెదురుబద్దలు పెట్టి కట్టిన కట్టుతో ఎముక అతికింది గానీ, కట్టు విప్పాక చెయ్యి వంగలేదు. ముద్ద నోటిదాకా రాదు. ఎడంచేత్తో తినడం మా ఇంట్లో తప్పు. అందుకని మూడు నెలలు అమ్మే తినిపించింది.

చివరికి నాయన గిద్దలూరులో రైలెక్కించి, చెన్నపట్నంలో చదువుకొచ్చిన ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె నా చెయ్యి పట్టి చూసి ఒక్కటే అడిగింది.

“నీకు అన్నం ఎవరు పెడుతున్నారు?”

“మాయమ్మ.”

“ఇక పెట్టనీయకు. ఎవరూ గుంజకూడదు, రుద్దకూడదు. నీ చెయ్యి నువ్వే వంచుకోవాలి.”

ఇంటికి రాగానే అమ్మ సంగటి ముద్ద పట్టుకొని ఎదురుగా కూర్చుంది.

“నువ్వు పెట్టొద్దమ్మా.”

“ఏందే, ఆకలితో సస్తావా?”

“సస్తే సస్తా. నా చేత్తోనే తింటా.”

మొదటిరోజు మెడ బాగా వంచి నోటినే చేతి దగ్గరికి తెచ్చుకున్నాను. నొప్పికి కళ్ళనీళ్ళు తిరిగినా రోజూ మెడ కాస్త తక్కువ వంచాను. వానలు మొదలయ్యేసరికి ఒకరోజు నిటారుగా కూర్చుని తిన్నాను.

అన్నాళ్ళూ అమ్మ, తన కుడిచెయ్యి నా కంచం వైపు రాకుండా ఎడంచేత్తో గట్టిగా పట్టుకొని కూర్చునేది. ఆ రోజే దాన్ని వదిలింది.