ఒక్క విస్తరి ఉన్న దుకాణం

కొత్తగూడెంలో ఫ్లెక్సీలు వేసే క్రాంతికుమార్ దుకాణంలో పనిచేసే తబితను జపాను కంపెనీవాళ్లు ఉద్యోగంలోకి తీసుకున్నారని బజారంతా ఒకటే మాట. అడ్డాకుల విస్తళ్ల కోసం ఆమె చేసిన వెబ్‌సైట్ చూసి ముచ్చటపడ్డారట. ఛాయ్ బండి దగ్గర బయలుదేరిన ఈ కబురు బొగ్గుగని క్వార్టర్ల చివరి వరుసకు చేరేసరికి తబితకు పాస్‌పోర్టు కూడా వచ్చేసింది.

ఎవరైనా అడిగితే తబిత నవ్వి ఊరుకుంటుంది. ఆమెకు మాట్లాడటం కంటే చూస్తూ ఉండటం తేలిక. తల్లికి జబ్బు చేయడంతో ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు ఆగింది. అప్పటినుంచి పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు తయారుచేస్తోంది. ఫ్లెక్సీ మీద జానెడు ఖాళీ కనిపిస్తే చాలు, "గీడ మా బామ్మర్ది ఫొటో పెట్టు" అంటారు. పెడుతుంది.

ఎండాకాలంలో పర్ణశాల అవతలి అడవి ఊరినుంచి జంపక్క అనే ఆమె దుకాణానికి వచ్చింది. వాళ్ల ఊరి ఆడవాళ్లు పదకొండుమంది అడ్డాకులు కోసుకొచ్చి, వెదురు పుల్లలతో విస్తళ్లు కుట్టి కట్టలు పేర్చారు. ఏటా కొనే షావుకారు ఈసారి పేపరు ప్లేట్లవైపు తిరిగాడు. వానలు పడితే ఆకుకు బూజు పడుతుంది, ఏడాది కష్టం పెంటకుప్ప పాలవుతుంది. "ఫోన్లోనే దుకాణం పెడ్తరట గద బిడ్డా, మాక్కూడ పెట్టు" అంది.

ఇన్నాళ్లకు బామ్మర్దుల ఫొటోలు లేని పని దొరికింది. ఏదో చలిదేశంలో చెక్క గరిటెలు అమ్మేవాళ్ల పేజీ ఒకటి తబిత ఎప్పుడో దాచుకుంది. తెల్లటి పేజీ, నడుమ ఒక్క గరిటె, అడుగున చీమలంత అక్షరాలు. అంత చోటు ఖాళీగా వదిలిన వాళ్ల ధైర్యం ఆమెకు నచ్చింది. అచ్చం అట్లాగే చేసింది. తెల్లటి పేజీ నడుమ ఒక్క విస్తరి.

ఇరవై రోజులు గడిచాయి. పేజీ చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఫోను మాత్రం మోగలేదు. మృగశిర కార్తె వచ్చేసింది.

తబిత బస్సెక్కి ఆ ఊరికి పోయింది. పాకలో కప్పుదాకా కట్టలే. ఫోను తీసి జంపక్క చేతిలో పెట్టింది.

"ఏందిది?"

"మన దుకాణం అక్కా."

జంపక్క ఫోనును దగ్గరగా పెట్టి చూసింది, చేయి చాచి చూసింది. "ఒక్కటే మిగిలిందా? సంత లేచిపోయినట్టుంది గద బిడ్డా!"

విస్తళ్లు కుడుతున్నవాళ్లు గొల్లున నవ్వారు. వాళ్లలో నాగలక్ష్మి నోరు పెద్దది. "ఒక్క సొరకాయ ముందటేసుకొని కూసుంటే ఎవలన్న కొంటరా? పుచ్చింది గావచ్చు, ఎవలు ముట్టలేదనుకుంటరు."

ఆ మాట తబితకు సూటిగా తగిలింది. సంతలో సరుకు కుప్ప పోయాలి. కుప్ప తరిగిందంటే మంచివి ఎవరో ఏరుకుపోయారన్నమాట.

తిరుగు బస్సులో ఫోన్లో వరసగా వేరే దేశాల దుకాణాలు తెరిచి చూసింది. అరబ్బు దేశాలవి కుడివైపునుంచి మొదలయ్యాయి. జపానుది తెరిచి ఆగిపోయింది. సందు లేకుండా అక్షరాలు, ఎర్రరంగు, పసుపురంగు, కొలతలు. ఒక్క బియ్యం సంచి గురించే మూరెడు రాత. ఒక్క ముక్క చదవలేకపోయినా కొత్తగా అనిపించలేదు. ఉన్నదంతా చెప్పేస్తేనే అక్కడివాళ్లకు నమ్మకం కాబోలు. గరిటెలవాళ్లదీ తప్పు కాదు. వాళ్ల దగ్గర కొనేవాళ్లు వేరు.

మర్నాడు పేజీ మళ్లీ చేసింది. పైన పెద్ద అంకెల్లో ఫోన్ నంబరు, దాని కింద పాక నిండా కట్టలు, కుడుతున్న పదకొండుమంది, ఆకు కోత, పుల్ల గుచ్చడం, ఏ సైజు ఏ విందుకు సరిపోతుందో. ఖాళీ అన్నది ఎక్కడా లేదు.

క్రాంతికుమార్ భుజం మీదుగా చూసి పకపకా నవ్వాడు. "ఏంది తబితమ్మా, తిరిగి తిరిగి ఫ్లెక్సీయే చేసినవా?"

"అవ్ అన్నా. జపానోళ్లు గూడ గిట్లనే చేస్తరు."

తబిత అంత మాటనడమే వింత. ఛాయ్ తాగడానికి వచ్చినవాళ్లందరికీ అతను అదే చెప్పాడు.

మూడోరోజునుంచి ఫోన్లు మొదలయ్యాయి. ముసురు పట్టేలోపు పాకలో కట్ట మిగల్లేదు. జంపక్క కబురు పంపింది, వచ్చే ఏడు ఇంకో పాక వేస్తామని. తబిత ఇప్పటికీ అదే దుకాణంలో, అదే కుర్చీలో కూర్చుంటోంది. ఇంకో ఊరివాళ్లు వెదురు బుట్టలకు పేజీ అడిగారు, అది చేస్తోంది.

జపానునుంచి మాత్రం ఇంతవరకు ఎవరూ ఫోను చేయలేదు. మొదటి ఫోను కల్లూరునుంచి వచ్చింది. చర్చి విందుకు ఆరువందల విస్తళ్లు కావాలన్నారు.