తిరగేసి చూపిన తివాచీలు

అబ్రహాం గారంటే నాకున్న గౌరవాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన మీద కాదు, నా మీద.

ఏలూరు తంగెళ్ళమూడిలో ఒక రేకుల షెడ్డు, అందులో రెండు మగ్గాలు, నలుగురు ఆడవాళ్ళు. అబ్రహాం గారి ఉన్ని తివాచీల వ్యాపారమంతా అదే. చిన్నప్పుడే ఒక సాయిబు గారి దగ్గర ముడి వేయడం నేర్చుకుని, నలభై ఏళ్ళు అదే పనిలో ఉన్న మనిషి. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చున్నా ఆయన చూపు కింద పరిచిన తివాచీ మీదే ఉండేదని వాళ్ళావిడ సారమ్మ గారు నవ్వేవారు. 2007లో, సరుకు విదేశాలకు పంపే ఏజెంటు ఇక వద్దన్నాడు. మిషను మీద నేసినవి చవగ్గా దొరుకుతున్నాయట.

నాది పక్క వీధిలో ఇంటర్నెట్ సెంటరు. వెబ్‌సైట్లు కూడా చేసి పెట్టేవాణ్ణి. "నెట్‌లో మనమే అమ్ముదామండీ, మధ్యలో ఏజెంటు ఎందుకు?" అన్నాను. ఆయన మగ్గం దగ్గరున్న సరోజక్క వంక చూశారు. నలుగురిలో చెయ్యి తిరిగిన మనిషి ఆవిడే.

"ఈస్టర్ దాకా చూస్తామండీ మేస్త్రి గారూ," అంది సరోజక్క. "ఆ తర్వాత మాత్రం కలిదిండి వైపు రొయ్యల షెడ్డుకి పోతామండీ. అక్కడ గదులు కూడా ఇస్తారంట. ఏవనుకోకండీ."

ఆడవాళ్ళు వెళ్ళిపోతే ఆ మగ్గాలు వట్టి కలప. ఆ సంగతి అందరికీ తెలుసు. అంటే మా చేతిలో ఉన్నది ఆరు నెలలు.

నేను కెమెరా పట్టుకెళ్ళిన రోజున అబ్రహాం గారు తెల్లచొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఎనిమిది తివాచీలు వరసగా పరిచి ఉన్నాయి. ఎనిమిదీ బోర్లా.

"తిరగేయించమంటారాండీ?" అన్నాను.

"తిరగేసే పెట్టాం కదయ్యా! ముఖం ఎవడిదైనా బాగానే ఉంటది. పనితనం వెనకాల తెలుస్తది. కొనేవాడు ముందు వెనక చూసి ముడులు లెక్కెట్టుకోవాలి."

నిజమే, ఆ వ్యాపారంలో అంతే. ఢిల్లీ నుంచి వచ్చే వ్యాపారి కూడా తివాచీ మూల పట్టుకుని, వెనక్కి మడిచి చూశాకే బేరం మొదలెట్టేవాడు. కానీ బెంగుళూరులో సోఫా ముందు వేసుకోవడానికి కొనే మనిషికి ముడుల లెక్క దేనికి? ఈ మాట నోటి దాకా వచ్చింది. "అలాగేనండీ," అన్నాను.

సరుకు గురించి నాలుగు ముక్కలు రాద్దామన్నా అదే గొడవ. 'అందమైన' అని రాస్తే కొట్టేయించారు. అందమని కొన్నవాడు అనాలి గానీ అమ్మేవాడు అంటే సిగ్గుచేటట. చివరికి కొలతలు, ముడులు, ఉన్ని ఎక్కడిదో, అంతే మిగిలాయి. పెళ్ళిచూపులకు పిల్లని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, బ్లడ్ గ్రూపు చదివి వినిపించినట్టుంది.

మొదటి మూడు నెలలూ నెట్‌లో వెతికితే మేమసలు కనపడలేదు. నేను పేజీల పేర్లు మార్చాను. 'అబ్రహాం అండ్ కో' అని ఎవడు వెతుకుతాడు? 'చేత్తో నేసిన ఉన్ని తివాచీ, ఆరు బై తొమ్మిది' అంటేనే వెతుకుతాడు. తెలిసిన సైట్ల వాళ్ళని బతిమాలి మా సైటుకి లింకులు పెట్టించాను. క్రిస్మస్ దాటాక మొదటి పేజీలో అడుగున కనపడ్డాం. రోజుకి యాభై, అరవై మంది వచ్చేవారు. వచ్చినవాడు వచ్చినట్టే అర నిమిషంలో పోయేవాడు. ఆర్డర్ బటన్ దాకా ఒక్కడూ రాలేదు.

అబ్రహాం గారు రోజూ సాయంత్రం సెంటరుకి వచ్చి, నా వెనక నిలబడి, "ఇవాళ ఎవరైనా అడిగారా?" అనేవారు.

"చూస్తున్నారండీ."

"చూడనీ. మంచి సరుకు నిదానంగా పోద్ది."

లోపల కుతకుత ఉడికిపోయేవాణ్ణి. ఫొటోలు తప్పండీ, అనడానికి ఎంతసేపు? కానీ నా తండ్రి వయసాయన, నలభై ఏళ్ళ పని. మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దలు సామెతలోనే చెప్పారు, నలుగురిలో అనలేం గానీ. ఇంటికెళ్ళి మా ఆవిడ జెస్సీ మీద అరిచేవాణ్ణి. "ఆ అరిచేదేదో ఆయన దగ్గర అరవండి," అనేది.

ఈస్టర్ వచ్చింది, వెళ్ళింది. సోమవారం పొద్దున్నే మిగతా ముగ్గురితో వెళ్తున్న వ్యానుని సరోజక్క మా సెంటరు ముందు ఆపించింది. "తమ్ముడూ, ఎవరూ అడగలేదా?" అంది. లేదన్నాను. వ్యాను వెళ్ళిపోయింది. ఆ కోపంతో నేరుగా షెడ్డుకి పోయాను. ఆయన చర్చి పనిమీద తాడేపల్లిగూడెం వెళ్ళారు. సారమ్మ గారిని అడిగి ఎనిమిది తివాచీలూ ఎండలోకి లాగి, తిరగేసి, పూలన్నీ కనపడేలా ఫొటోలు తీశాను. ఒకదాని మీద వాళ్ళ మనవరాలు క్రిస్టినాని కూర్చోబెట్టాను. 'అందమైన' అని ప్రతి దాని కిందా రాసి పారేశాను.

తొమ్మిదో రోజున మెయిలు వచ్చింది. బెంగుళూరులో అతిథి గృహం నడిపే ఆవిడ. ఫొటోలో చూసిన ఎర్రపూలవే పన్నెండు కావాలట, అన్నీ ఒకే కొలత. చేతిపని కదా, తొందర లేదు, ఆరు నెలలైనా ఆగుతాం అని రాసింది. రెండు మగ్గాలకి, నలుగురికి, సరిగ్గా ఆరు నెలల పని.

ప్రింటు తీసుకుని పరిగెత్తాను. షెడ్డులో మగ్గాలు లేవు. గుంజలు పాతిన గుంటలు మాత్రం ఉన్నాయి. కలప అడితికి వేసేశారట, నిన్ననే. అబ్రహాం గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"వెనక చూడకుండా పన్నెండు ఎలా అడిగిందయ్యా ఈవిడ?"

అప్పుడు చెప్పాను, ఫొటోలు మార్చానని. ఆయనకి కోపమొస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది.

"ముఖం చూపిస్తేనే కొంటారని నీకు ముందే తెలుసా?"

"మొదటి రోజు నుంచీ తెలుసండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు పెద్దవారు కదండీ."

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"తివాచీల్లో పెద్దోణ్ణి క్రాంతీ," అన్నారు. "నెట్‌లో నేను నీకంటే చిన్నోణ్ణి. చెప్పాల్సింది నువ్వు కదా."